మేనేజరమ్మ అమ్మిన విత్తనాలు

ఆ రోజుల్లో మా ఇంట్లో డబ్బు సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నేనని నాకు గట్టి నమ్మకం. నా వయసు పదహారు. పదో తరగతి పరీక్షలకు ముందు అనంతపురం నుంచి ఎవరో సార్లు మా బడికి వచ్చి పొదుపు గురించీ వడ్డీ గురించీ మూడు రోజులు పాఠం చెప్పి, చివరి రోజు పోటీ పెట్టారు. మొదటి బహుమతి నాకు వచ్చింది. బహుమతి అంటే స్టీలు టిఫిన్ డబ్బా. (రెండో బహుమతి వచ్చిన పిల్లకు గోడ గడియారం ఇచ్చారు. దాని ఖరీదు నా డబ్బా కంటే ఎక్కువని అక్కడికక్కడే లెక్కగట్టి ఏడ్చాను. డబ్బు విలువ తెలిసినదాన్ని కదా మరి!) ఆ సాయంత్రం మా నాయన డబ్బా మూత మీద చెక్కిన నా పేరును వేలితో తడిమి చూసి, "ఇంగేం, మన ఇంట్లో బ్యాంకు మేనేజరు పుట్టినాది" అన్నాడు. ఆయనకు చదువు రాదు. ఆ అక్షరాల్లో ఏది నా పేరో అమ్మ చూపిస్తే తెలుసుకున్నాడు. మర్నాటికి ఆ మాట టీ అంగడి దాకా పాకింది. అప్పటినుంచి ఊరంతటికీ నేను మేనేజరమ్మను.

బిరుదు ఇచ్చాక ఊరికే కూర్చుంటే బాగుండదు కదా, ఇంట్లోవాళ్లను బాగుచెయ్యడం మొదలుపెట్టాను. మొదట మా అవ్వ, అంటే నాయన తల్లి. "అవ్వా, రోజుకు పది రూపాయల ఆకువక్క నములుతాండావు. ఏడాదికి మూడు వేల ఆరు వందల యాభై. పదేండ్లకు ఎంతైతాదో తెల్సా?" అన్నాను. "పదేండ్లకు నేనుంటే కదే! నువ్వు లెక్క చూస్తా ఉండు, అంతలో నేను ఇంకో ఆకు వేసుకుంటా" అంది. తర్వాత నాయన బీడీల మీద పడ్డాను. ఆయన మాత్రం నా పాఠాన్ని శ్రద్ధగా విన్నాడు. ఆ రోజు నుంచి బీడీ సగం కాల్చి, ఆర్పి, మిగతా సగం చెవి మీద పెట్టుకుని, "చూడు మేనేజరమ్మా, సగం పొదుపు" అని నవ్వేవాడు. బ్యాంకు పాసుబుక్కు, ట్రంకు పెట్టె తాళంచెవి నాకు అప్పజెప్పాడు. ఎవరేం అడిగినా, "మా పాపనడగల్లప్పా, లెక్కలన్నీ ఆయమ్మవే" అనేవాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతులో ఉండే గర్వం తలుచుకుంటే ఇప్పటికీ నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

మాది ఉరవకొండ నుంచి ఆటోలో అరగంట. నాలుగెకరాల ఎర్రచేను, ఎర్రోడు, మచ్చోడు అని రెండు ఎద్దులు. వానొస్తే చెనిక్కాయ (మీ భాషలో వేరుశనగ), రాకపోతే బెంగళూరు. నిజానికి వానొచ్చినా బెంగళూరే. ఉగాది అయిపోగానే అమ్మా నాయనా మూట కట్టుకుని అక్కడ కట్టడాల పనికి పోయి, తొలకరి పడగానే తిరిగొచ్చేవాళ్లు. ఆ రెండు మూడు నెలలు ఇంట్లో నేనూ, అవ్వా, ఎద్దులూ, లోపలి గదిలో పది మూటల విత్తనాలూ. ప్రతి ఏడూ పంట కళ్లానికి రాగానే అవ్వ కూర్చుని గట్టి కాయలను ఒక్కొక్కటిగా చేత్తో ఏరేది. వాటిని మూటలు కట్టి, అడుగున వేపాకు పరిచి, గోడకు తగలకుండా పక్కపక్కన నిలబెట్టి, పసుపు బొట్టు పెట్టేది. వాటి మీద ఎవరూ కూర్చోకూడదు. వాటిలోంచి పిల్లలకు ఒక్క కాయ ఇవ్వకూడదు. తను కాపురానికి వచ్చినప్పుడు అత్త చేతిలోంచి వచ్చిన విత్తనమట అది. కరువొచ్చి సంకటికి గతిలేని ఏడు కూడా ఆ మూటల పక్కనే ఆకలితో పడుకుందట కానీ, మూతి విప్పలేదట. "అవి మనవి కాదే. చేనివి. మనం దాచిపెడతాండాం, అంతే" అనేది.

సార్లు చెప్పిన పాఠంలో నాకు బాగా నచ్చిన వాక్యం ఒకటుంది. ఇంట్లో ఊరికే పడి ఉన్న వస్తువు నిద్రపోతున్న డబ్బు, దాన్ని లేపండి అని. నేను లోపలి గదిలోకి తొంగి చూసినప్పుడల్లా పది మూటలు బొజ్జలు వేసుకుని హాయిగా నిద్రపోతుండేవి. నాకు ఒళ్లు మండిపోయేది. ఎలుకలు తినేది ఎంత, తూకం తగ్గేది ఎంత, ఆ డబ్బు బ్యాంకులో ఉంటే వచ్చే వడ్డీ ఎంత అని నోటుబుక్కులో లెక్కలు రాసుకున్నాను. ఆ ఎండాకాలం కాయ ధర ఎన్నడూ లేనంత లేచింది. మూట రెండు వేల ఐదు వందలు. విత్తే రోజులకు ప్రభుత్వం సబ్సిడీ విత్తనం ఇస్తుంది, అది మూట పదిహేడు వందలకు వస్తుందని టీ అంగడిలో అనుకుంటున్నారు. ఇప్పుడు అమ్మి అప్పుడు కొంటే ఎనిమిది వేలు మిగులు! ఎనిమిది వేలంటే నాయన బెంగళూరులో ఎన్ని రోజులు ఇటుకలు మోస్తే వస్తాయో కూడా లెక్కగట్టాను. ఆ లెక్క కింద ఎర్ర పెన్నుతో గీత గీసి, "వచ్చే ఏడు నాయన పోనక్కర్లేదు" అని రాసుకున్నాను. నా తెలివితక్కువతనాన్ని ఎంతయినా తిట్టండి, పడతాను. కానీ ఆ ఒక్క వాక్యం మాత్రం మనసారా రాసిందే.

అవ్వ ఇంట్లో ఉంటే పని జరగదు. అదృష్టం కొద్దీ (అప్పుడు అలాగే అనుకున్నాను) కణేకల్‌లో మా అత్తకు కాన్పు అయింది, అవ్వ వారం రోజులకని వెళ్లింది. ఆ మర్నాడే ఊళ్లు తిరిగి చెనిక్కాయ కొనే కాటా మామ టెంపో వేసుకుని మా వీధిలోకి వస్తే, పిలిచి లోపలి గది చూపించాను. ఎప్పుడూ భుజాన తూకం కాటా వేసుకుని తిరుగుతాడని ఊరంతా పెట్టిన పేరది. మూటల మీద బొట్టు చూసి ఆయన కాటా కింద పెట్టేశాడు.

"ఏమ్మా, ఇవి విత్తనాలు కదా?"

"ఔ మామా. అమ్ముతాండాం."

"మీ నాయనకు తెల్సా?"

"తెల్సు."

"మీ అవ్వకు?"

"అన్నీ తెల్సు మామా, నువ్వు తూకమెయ్యి. తూకంలో మాత్రం మోసం చేస్తే ఊరుకోను" అన్నాను. (మోసం చేస్తున్నది ఎవరో చూడండి!) పాపం, ఆయన పైసా తక్కువ లేకుండా ఇరవై ఐదు వేలు ఎంచి ఇచ్చాడు. టెంపో ఎక్కేముందు ఇంకోసారి వెనక్కి తిరిగి, "విత్తనం కొనడానికి నాకు చెయ్యి రాదు పాపా. మీ నాయన చెప్పినాడంటాండావు కాబట్టి తీసుకపోతాండా" అన్నాడు. నేను ఆ డబ్బు బ్యాంకులో నాయన ఖాతాలో వేసి, వస్తూ వస్తూ నన్ను నేను మెచ్చుకుంటూ ఒక ఐసు కొనుక్కుని తిన్నాను. ఐదు రూపాయలు. అది కూడా నోటుబుక్కులో రాశాను.

అవ్వ వారం తర్వాత వచ్చి, కాళ్లు కడుక్కుని, లోపలి గదిలోకి పోయింది. నేను పాసుబుక్కు పట్టుకుని వెనకే వెళ్లాను. మూటలు ఉన్నచోట నేల మీద పది గుండ్రటి మరకలు ఉన్నాయి, వాటి ముందు అవ్వ నిలబడి ఉంది. లెక్కంతా చెప్పాను. ఎర్ర గీత గీసిన చోటు కూడా చూపించాను. ఆమె పాసుబుక్కును చేత్తో తీసుకోనైనా లేదు. "దుడ్లు తీసుకపోయి చేన్లో విత్తుతావా?" అంది. ఆ తర్వాత "నాయన్ని అడిగినావా?" అంది. లేదన్నాను. మండుటెండలో కాటా మామ ఇంటికి నడిచిపోయి, అంతే వేగంగా తిరిగొచ్చింది. "మిల్లుకు పోయినాయంట. ఈపాటికి నూనె అయ్యింటాయి" అని గడప మీద కూలబడి, చచ్చినవాళ్లకు ఏడ్చినట్టు శోకం పెట్టి ఏడ్చింది. చేతికి అందిన నా టిఫిన్ డబ్బాను గోడకేసి కొట్టింది, మూత సొట్టపోయింది. నేను గాబరాపడి నాయనకు ఫోన్ చెయ్యబోతే లాక్కుంది. "పనికాడ వానికెందుకే ఈ బాధ! వచ్చినాక ఎట్లా తప్పదు కదా" అంది. సాయంత్రం చీపురు తీసుకుని ఆ పది మరకల దగ్గర ఊడ్చి, దుమ్ములోంచి రాలిన కాయలు ఏరింది. దోసెడు వచ్చాయి. వాటిని నా సొట్టడబ్బాలో పోసి మూత పెట్టి, "ఇన్నాళ్లకు నీ బహుమానం పనికొచ్చింది" అంది.

ఆ ఏడు వాన మమ్మల్ని ఆటపట్టించడానికే అన్నట్టు ముందే వచ్చింది. జూన్ మొదట్లోనే నేల మూరెడు లోతు తడిసి విత్తడానికి పదునయ్యేలా కొట్టింది. మూడోనాడు పొద్దున్నే అమ్మా నాయనా బస్సు దిగారు. నాయన చేతిలో నాకని తెచ్చిన బేకరీ బన్నులు. ఇంట్లోకి రాకుండా ముందు ఎద్దుల వీపులు తట్టి, దోవ పక్కన గుప్పెడు తడిమట్టి తీసి పిసికి చూసి, "ఎంత బాగుండాది పదును! రేపే గొర్రు కట్టి విత్తుదాం" అంటూ నేరుగా లోపలి గదిలోకి పోయాడు. నేను పరిగెత్తి ఆయన ముందు పాసుబుక్కు తెరిచి పట్టుకున్నాను. గబగబా అంతా చెప్పేశాను. ఇరవై ఐదు వేలు, పదిహేడు వందలు, ఎనిమిది వేలు, వచ్చే ఏడు పోనక్కర్లేదు. తనకు చదవడం రాని ఆ పేజీ వైపు ఆయన చాలాసేపు చూశాడు. "ఎనిమిది వేలా?" అన్నాడు. "మంచిదేలే" అన్నాడు. అంతలో పక్కింటివాళ్లు గుమ్మంలో చేరారు. "ఏమప్పా, విత్తనాలు అమ్ముకున్యారంటనే, నిజమేనా?" అని ఎవరో అడిగారు. నాయన వాళ్ల వైపు తిరిగి, "ఔ. నేనే ఫోన్లో అమ్మమని చెప్పింటి. రేటు బాగుండాది కదా అని" అన్నాడు. అది అబద్ధమని అవ్వకు తెలుసు. ఏమంటుందో అని ఆమె వైపు చూశాను. ఆమె ఆకువక్క సంచి విప్పుకుని కూర్చుంది.

మర్నాడు సబ్సిడీ విత్తనం కోసం ఉరవకొండలో వ్యవసాయ ఆఫీసు ముందు వరుసలో నిలబడ్డాం. నిలబడ్డాం అంటే మా చెప్పులు నిలబడ్డాయి. ఎండకు తాళలేక జనం తమ చెప్పులను, రాళ్లను వరుసగా పెట్టి చెట్టు నీడన కూర్చునేవాళ్లు. మా నాయన ఎడమ చెప్పు రెండు రోజుల్లో వందో స్థానం నుంచి ముప్పయ్యో స్థానానికి వచ్చింది. నేను పక్కన కూర్చుని జిరాక్సులు పట్టుకుని, మూటలు పది కాకపోయినా ఆరైనా ఇస్తారేమో అని లెక్కలు వేస్తున్నాను. మూడోరోజు మధ్యాహ్నం లోపలినుంచి ఒకాయన వచ్చి స్టాకు అయిపోయిందన్నాడు. ఉరవకొండ అంగళ్లలో అడిగితే మూట నాలుగు వేలు. అదీ పాతసరుకు. నాయన ఒక కాయ చితక్కొట్టి పప్పు కొరికి చూసి ఉమ్మేశాడు. "ఇది మొలవదు పాపా" అన్నాడు. ఊళ్లో ఎవరి విత్తనం వాళ్లకే చాలదు, ఎవరిని అడుగుతాం? వారం తిరిగేసరికి పదును ఆరిపోయింది. చుట్టూ అందరి చేలలో సాళ్లు కనబడుతున్నాయి. మధ్యలో మా నాలుగెకరాలూ దున్నినవి దున్నినట్టే ఉండిపోయాయి. నాయన రోజూ పొద్దున చేనికి పోయేవాడు. విత్తని చేనిలో ఏం పనుంటుంది? గట్టు మీద కూర్చుని, చెవి మీది సగం బీడీ కాల్చుకుని వచ్చేవాడు.

ఇక్కడ కథ ఒక తమాషా మలుపు తిరుగుతుంది. ఆ తర్వాత వాన పత్తా లేకుండా పోయింది. పూతకొచ్చిన చెట్లన్నీ, ఊడ నేలలోకి దిగి కాయ పట్టకముందే మాడిపోయాయి. ఊరంతా విత్తనం, ఎరువు, కూలి అన్నీ పోగొట్టుకుని కూర్చుంది. అప్పుడు అందరికీ నేను గుర్తొచ్చాను. "మేనేజరమ్మ గట్టిది! ముందే కనిపెట్టి అమ్మించినాది చూడప్పా" అన్నారు. ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు ఇంటికే వచ్చి, వచ్చే ఏడు ఏం విత్తమంటావమ్మా అని నన్ను అడిగారు. (వాళ్లకు సలహా కూడా ఇచ్చాను. సిగ్గు అనేది నాకు ఇంటరు రెండో ఏడులో కానీ రాలేదు.) ఆ సంబరంలో నాయన దగ్గరికి పోయి, "చూసినావా నాయనా, మనకు నష్టం తప్పింది" అన్నాను. ఆయన పశువుల పాక వైపు చూపించాడు. "వాళ్ల చేన్లలో కాయ లేకపోయినా చెట్టన్నా ఉండాది. పీకి వాములేసుకుంటాండారు. మన ఎద్దులకు ఏముండాది పాపా?" అన్నాడు.

చెట్టు! చెనిక్కాయ చెట్టంటే ఏడాది పొడవునా ఎద్దులకు మేత. కాయ ధర, విత్తనం ధర, వడ్డీ, ఎలుకలు, ఐదు రూపాయల ఐసు, అన్నీ ఉన్న నా నోటుబుక్కులో ఎర్రోడూ మచ్చోడూ లేరు. నిద్రపోతున్న నా ఇరవై ఐదు వేలు లేచి, మేత కొనడానికే పరుగెత్తాయి. కరువులో మేత ధర అడగొద్దు, రెండు నెలలకు అయిపోయాయి. దసరాకు ముందు ఒక పొద్దున నాయన ఎద్దుల్ని కడిగి, కొమ్ములకు నూనె రాసి సంతకు తోలుకుపోయాడు. సాయంత్రం రెండు పగ్గాలు భుజాన వేసుకుని ఒక్కడే వచ్చాడు. ఎద్దును అమ్మినా పగ్గం అమ్మకూడదని మా ఇంట్లో పట్టింపు. ఆ పగ్గాలు కొయ్యకు తగిలించి, నాకు డబ్బు ఇచ్చి, "ఎంచుకో మేనేజరమ్మా" అన్నాడు. వెటకారానికి అనలేదు, నిజంగానే ఇచ్చాడు. నేను ఆ నోట్లు ఎంచలేకపోయాను. ఆయన ముందు నిలబడి, "నేనే చెడగొట్టినా నాయనా" అని ఏడ్చాను. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి, "నాకు పని తప్పించల్లని చేస్తివి. నాకు తెల్సులే" అన్నాడు. పది రోజులకు అమ్మతో కలిసి బెంగళూరు బస్సెక్కాడు. ఈసారి తొలకరికి తిరిగొచ్చే పోక కాదు. ఏ పోక తప్పించాలని నేను ఎర్ర గీత గీశానో, దాన్ని శాశ్వతం చేసింది నేనే. బస్సు దగ్గర అవ్వ సొట్టడబ్బాను ఆయన సంచిలో పెట్టింది.

నాయన అక్కడ ఒక పెద్ద అపార్టుమెంటుకు వాచ్‌మన్‌గా కుదిరాడు. మరుసటి ఏడు నేను చూడ్డానికి వెళితే, గేటు పక్కన ఏడు ఖాళీ పెయింటు డబ్బాలు వరుసగా ఉన్నాయి. వాటి నిండా పచ్చగా చెనిక్కాయ చెట్లు, పసుపుపచ్చ పూలు. "ఈ చేనికి మేనేజరెవరు?" అన్నాను నవ్వలేక నవ్వుతూ. "ఇంకెవరు, నేనే. మా మేనేజరమ్మ లెక్కలు నాకొద్దు" అని ఆయన హాయిగా నవ్వాడు. పై అంతస్తులో ఉండే ఒక మేడమ్ ఏం పూలని అడిగిందట. "నాయన ఏం చెప్పినాడో తెల్సా? రాయలసీమ రోజాలంట" అని అమ్మ చెప్పింది. కాయ పండాక ఒక్కటి కూడా తినరు. గట్టివి ఏరి, ఎండబెట్టి, మళ్లీ సొట్టడబ్బాలో పోస్తారు. నాలుగేళ్ల కిందట అవ్వ పోయింది. అప్పుడు కూడా నాయన ఆ డబ్బా పట్టుకొచ్చి, ఆమెకు చూపించినట్టు పక్కన కాసేపు పెట్టి, మళ్లీ తీసుకుపోయాడు.

నేనేమో నిజంగానే ఉరవకొండలో బ్యాంకులో చేరాను. (మేనేజరును కాదు. ఊళ్లో మాత్రం ఎవరూ నమ్మరు.) బడి పిల్లలకు పొదుపు పాఠాలు చెప్పి రమ్మని మా వాళ్లు నన్నే పంపుతారు. మొన్న అలా పోయినప్పుడు ముందు వరుసలో ఒక పిల్ల నేను ఏది అడిగినా చెయ్యెత్తి, వడ్డీ లెక్కలు నాకంటే ముందే చెప్పేసింది. ఆ కళ్లలో వెలుగు చూస్తే నాకు భయమేసింది. పుస్తకం మూసేసి, "మీ ఇంట్లో ఎంత ధర వచ్చినా అమ్మకూడనిది ఏదైనా ఉందా? పోయి మీ అవ్వలను అడిగి రాసుకుని రండి" అన్నాను. "అది పొదుపులోకి వస్తాదా మేడమ్?" అని ఆ పిల్ల అడిగింది. వస్తుందన్నాను.

ఆ సాయంత్రం నాయన ఫోన్ చేశాడు. జూన్ వచ్చిందంటే ఆయన రోజూ అడిగేది ఒక్కటే: "వాన పడినాదా ఆడ?" ఆయన డబ్బాల పక్కనే కొళాయి ఉంది, కావాలంటే ఏ రోజైనా విత్తుకోవచ్చు. కానీ మా చేనిలో వాన పడితేనే అక్కడ విత్తుతాడు. అదీ ఆయన లెక్క. ఈ ఏడు జూన్ పోయింది, జులై పోయింది, ఆగస్టు కూడా సగమైంది. ఇక్కడ చినుకు లేదు. అక్కడ ఏడు డబ్బాలూ ఖాళీగా ఉన్నాయి. ఈ ఏడు విత్తకపోతే డబ్బాలోని ఆ విత్తనం పాతబడి వచ్చే ఏటికి పనికిరాదు. నేను కిటికీలోంచి మబ్బు జాడ లేని ఆకాశాన్ని చూస్తూ, "పడింది నాయనా" అన్నాను.

"ఎంత పదునైంది?"

"మూరెడు."

ఊరివాళ్లు పది మంది ఆయనకు ఫోన్ చేస్తుంటారు. ఇక్కడ వాన పడిందో లేదో ఆయనకు నాకంటే బాగా తెలుసు. "సరే మేనేజరమ్మా, నువ్వు చెప్పినాక ఇంగేం. రేపే విత్తుతా" అన్నాడు. ఆయన నవ్వు ఆపుకుంటున్నట్టు వినిపించింది, నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి. పదహారేళ్లప్పుడు కాటా మామకు చెప్పిన అబద్ధంతో మా నాయనను విత్తకుండా చేశాను. ఇన్నేళ్లకు ఇంకో అబద్ధం చెప్పి ఏడు డబ్బాలు విత్తించాను. ఆ డబ్బాలన్నీ కలిపి ఒక సెంటు అనుకున్నా, మా చేనుకు నేను ఇంకా మూడెకరాల తొంభై తొమ్మిది సెంట్లు బాకీ.